రెండు చేతులవి, ఒక చేతివి, ఒక బటన్‌వి

సెప్టెంబర్ 9, ఆదివారం

ముప్పై ఏళ్ల ఆటలన్నీ అరచేతిలో పట్టే ఒక నల్లపెట్టెలో ఉన్నాయి, ఒక్కటీ దాని చోట లేదు. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మేకులూ మరలూ అమ్మే మా కొట్లో సన్నమర వెళ్లి లావుమరల డబ్బాలో కనిపిస్తే ఆ రోజు అందరికీ మూడినట్టే. ఇక్కడేమో ట్యాంకుల ఆట పక్కన ఫుట్‌బాల్, దాని పక్కన జపాన్ భాషలో ఏదో, దాని కింద మళ్లీ ట్యాంకులు.

మా తమ్ముడు హుబెర్ట్‌కి కండరాలు ఒక్కొక్కటే పనిమానేసే జబ్బు, జూన్‌లో తన ఫ్లాట్ ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చేశాడు. నాది కింది అంతస్తు, మెట్లు ఎక్కక్కర్లేదు. బట్టలు ఒక సంచిలో తెచ్చాడు, ఆట మిషన్లు నాలుగు పెట్టెల్లో తెచ్చాడు. పెగాసస్, సెగా, అమీగా, ప్లేస్టేషన్, ఇంకా పేరు తెలియనివి. నలభై దాటినవాడు, మా బితోమ్ ఊరంతా ట్రామ్ నడిపినవాడు. అన్నింటిలోని ఆటలూ ఆ నల్లపెట్టెలోకి ఎక్కించి టీవీకి తగిలించుకున్నాడు. లాంచర్ అని ఒకటుంది, అది టీవీ తెర మీద అరలు కట్టి చూపిస్తుంది. అరల పేర్లు మన ఇష్టం. మౌస్ పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయని సర్దే పని నాకప్పగించాడు.

"ఏ మిషన్‌వి ఆ అరలో పెడతాను, లోపల అక్షరాల వరసలో," అన్నాను.

"అక్కా, ఇవి మరలు కావే."

"మరలైతే ఈపాటికి అయిపోయేది. నోరు మూసుకుని సూప్ తాగు."

తాగాడు. మధ్యలో ఒకసారి చెంచా జారి బల్ల మీద పడింది. ఇద్దరం చూడనట్టే ఊరుకున్నాం.

సెప్టెంబర్ 12, బుధవారం

పెగాసస్ అర అయిపోయింది. సెగా అయిపోయింది. చూస్తుంటే కడుపు నిండిపోయింది.

సెప్టెంబర్ 15, శనివారం

అరలన్నీ పూర్తిచేసి వాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి చూపించాను. చివరిదాకా ఓపిగ్గా చూశాడు.

"అద్భుతం అక్కా. మ్యూజియంలా ఉంది. ఇప్పుడు పీకెయ్."

"ఏం పీకాలి?"

"అరలు. సెగావాటికి మూడు బటన్లు కావాలి, నాకు కుడి బొటనవేలు పనిచెయ్యట్లా. ఒకటి తెరవడం, ఆడలేకపోవడం, మూసెయ్యడం, ఇంకోటి తెరవడం. చికాకొచ్చేస్తోంది. ఏ మిషన్‌దో నాకెందుకే? ఎన్ని వేళ్లు కావాలో దాన్ని బట్టి పెట్టు."

నాలుగు అరలు చెప్పాడు. రెండు చేతులవి. ఒక చేతివి. ఒక బటన్‌వి. చూసేవి.

"చూసేవి అంటే?"

"ఎవరైనా ఆడుతుంటే నేను చూసేవి."

"ఎవరాడతారు?"

"నువ్వే. ఇంకెవరున్నారిక్కడ, పోప్‌గారా?"

వారం రోజుల కష్టం నేనే చెరుపుకున్నాను. పేర్లు కూడా మార్చేశాను. మా చిన్నప్పుడు ఇటుక ఇళ్ల వాకిట్లో ఎవరికీ ఆటల అసలు పేర్లు తెలియవు, సంతలో కొన్న పసుపు క్యాసెట్ల మీద పేర్లే ఉండేవి కావు. అందుకని మేం పెట్టుకున్న పేర్లే రాశాను: ట్యాంకులు, ఏడుపు బాతులు, ఎర్రలాగు, అత్తగారి మెట్లు, కమాండోలు.

నాలుగో అరని అన్నిటికన్నా అడుగున పెట్టాను. అది ఖాళీగానే ఉంటుంది. కొట్లో కూడా అలాంటి డబ్బాలుంటాయి, పేరు రాసి ఉంటుంది, సరుకు ఉండదు.

సెప్టెంబర్ 23, ఆదివారం

రెండు చేతులవి నుంచి ఒక చేతివిలోకి తొమ్మిది ఆటలు మార్చాను. వాడి చేతుల గురించి కాదు. మొదటి అర మరీ నిండిపోయింది, వెతుక్కోవడం కష్టం.

సెప్టెంబర్ 28, శుక్రవారం

డాక్టర్ విల్చెక్ నాకన్నా చిన్నది, గోళ్లు కొరుక్కుంటుంది. కానీ చెప్పాల్సింది నాన్చదు.

"ఊపిరి తీసే కండరాలు కూడా మెల్లగా అలిసిపోతాయి హుబెర్ట్‌గారూ. ముందు మాస్క్ పెడతాం. అది చాలని రోజు ఒకటొస్తుంది. అప్పుడు గొంతులోకి గొట్టం పెట్టి మిషన్‌కి కలపొచ్చు, ఇంట్లోనే ఉండొచ్చు, ఏళ్లు కూడా గడవొచ్చు. కానీ ఒకసారి పెట్టాక తీయించడం మన దగ్గర జరిగే పని కాదనుకోండి. అందుకని ముందే ఆలోచించుకోవాలి."

"ఆలోచించేశాను. వద్దు."

"ఇప్పుడే చెప్పక్కర్లేదు."

"మాస్క్ వరకూ సరే డాక్టరుగారూ. గొట్టం వద్దు. టీవీ పక్కన ఇంకో టీవీలా పడుండలేను."

ఆవిడ తల ఊపింది. నవంబర్‌లో ఇంకో డాక్టర్ని వెంటబెట్టుకుని ఇంటికొస్తానంది, వాడి నోటితోనే విని ఫైల్లో రాస్తానంది. "అది రాసి లేకపోతే అంబులెన్స్‌వాళ్లకి ఏం తెలుస్తుంది? ముందు గొట్టం పెడతారు, తర్వాత అడుగుతారు," అని నా వైపు చూసి చెప్పింది. నేను సరేనన్నాను.

ఇంటికొచ్చేటప్పుడు, "అలిసిపోయి ఏదో అనేశావు," అన్నాను.

"నేనేం అలిసిపోలేదే."

అలిసిపోయినవాడికి తను అలిసిపోయానని తెలియదు.

అక్టోబర్ 2, మంగళవారం

లాంచర్‌లో ఒక మంచి సదుపాయం కనిపెట్టాను. ఒకే ఆట రెండు మూడుసార్లు ఉంటే పట్టుకుంటుంది. అసలు కంపెనీవాళ్లు చేసినదాన్ని ఉంచి, మిగతావాటికి ‘పాడైన నకళ్లు’ అని ఎర్రగుర్తు పెడుతుంది. ఎర్రగుర్తువన్నీ తుడిచిపారేశాను. అరలు అద్దంలా ఉన్నాయి. హుబెర్ట్ నిద్రపోతున్నాడు, లేచాక చూసి ఆశ్చర్యపోతాడు.

అక్టోబర్ 3, బుధవారం

ఆశ్చర్యపోయాడు.

"కమాండోలు ఎక్కడే?"

"అదుగో, ఒక చేతివిలో."

"ఇది కాదు. ఇందులో మూడే ప్రాణాలు. మనది, ముప్పై ప్రాణాలది ఎక్కడ?"

అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. సంతలో అమ్మిన క్యాసెట్లన్నీ దొంగ నకళ్లే. వాటిని తయారుచేసిన మహానుభావులెవరో ఒకే ఆటని పదిరకాలుగా మార్చి ఎక్కించేవాళ్లు. ఒకటి ముప్పై ప్రాణాలతో, ఒకటి ఐదో మెట్టు నుంచి, ఒకటి చావే లేకుండా. అసలు ఆట మూడు ప్రాణాలే ఇస్తుందని మా వాకిట్లో పిల్లలకెవరికీ తెలియను కూడా తెలియదు. మేం పెరిగింది నకిలీలతో. నేను నకిలీలన్నీ తుడిచేసి అసలువి దాచాను. మేం ఏనాడు అసలువి ఆడామని?

"మూడు ప్రాణాలు నాకేం సరిపోతాయే! వేలు బటన్ దాకా వెళ్లేలోపు చచ్చిపోతున్నా!"

అరిచాడు, ఆ తర్వాత ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా వాడు నా ముందు ఏడవలేదు. ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి పైకి రాలేదు, నేనే తుడిచాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్టోబర్ 6, శనివారం

మొదటి శనివారం పాతసామాన్ల సంత. వాన. ఒక కొస నుంచి మొదలుపెట్టి పింగాణీ పళ్లాలు, గని దీపాలు, జర్మన్‌వాళ్ల కాలంనాటి బొత్తాలు, అన్నీ దాటుకుంటూ పోతే చివర్లో ఎవాల్ద్ అనే ఆయన బల్ల కనిపించింది. బల్ల నిండా పసుపు క్యాసెట్లు.

"కమాండోలు కావాలండీ. ముప్పై ప్రాణాలది."

"అది దొరకదమ్మా. ఉన్నవాళ్లు అమ్ముకోరు. మూడు ప్రాణాలది ఉంది, పట్టుకెళ్లు."

"మూడుది వద్దు. మా తమ్ముడికి."

"ఏం, మీ తమ్ముడు ముసలాడైపోయాడా? మూడు ప్రాణాలతో ఆడలేడా?"

"చేతులు పోతున్నాయండీ," అన్నాను. ఎవరితోనూ అంత సూటిగా అనలేదు ఇప్పటిదాకా. వానలో ముక్కూమొహం తెలియనివాడితో అనేశాను.

ఎవాల్ద్ బల్ల మీద పట్టా కప్పి నన్ను వెనక నిలిపిన వ్యానులోకి తీసుకెళ్లాడు. సీటు కింద నుంచి రేకుడబ్బా తీశాడు. "ఇది నాది. క్యాసెట్ ఇవ్వను, కాపీ చేసిస్తా," అని ఏదో పరికరంలో గుచ్చి నా మెమరీ కార్డులోకి ఎక్కించాడు. నేను ఎర్రగుర్తుల సంగతి చెప్పాను. "ఆ గుర్తులు పెట్టినవాళ్లని పాతగనిలోకి తోసి మూతపెట్టాలి," అన్నాడు. ఇంకా ఓ పది ఆటలు, చావులేనివి, వాడి కోసం ఊరికే వేసిచ్చాడు. ఆయన చేతులు బాగా పనిచేస్తున్నాయి. చూసి కుళ్లుకున్నాను.

అక్టోబర్ 7, ఆదివారం

మాంసం చుట్టలు, బంగాళాదుంప కుడుములు, ఎర్రక్యాబేజీ చేశాను. చిన్నచిన్న ముక్కలు కోసి తినిపించాను. తర్వాత కమాండోలు ఆడాం. వాడు నీలం, నేను ఎరుపు. చిన్నప్పటి నుంచీ నేను రెండో ప్లేయర్‌నే, చిన్నప్పటి నుంచీ ముందు చచ్చేది నేనే.

"ముప్పై ప్రాణాలు జలపాతం దగ్గరే తగలేశావు కదే! నువ్వు మనిషివా?"

ఆ ఆటలో మన ప్రాణాలు అయిపోతే పక్కవాడిది ఒకటి లాక్కోవచ్చు. అడక్కుండా లాక్కున్నాను. వాడు నవ్వి నవ్వి దగ్గొచ్చి వంగిపోయాడు, నేను వీపు నిమిరాను. ఎంత సంతోషంగా ఉన్నానో రాయడానికి కూడా భయంగా ఉంది.

అక్టోబర్ 21, ఆదివారం

కొత్త అర కట్టించాడు. పేరు: చాలు.

ఏదైనా ఆట వాడు చివరిసారి ఆడుకుని, చివరిదాకా వెళ్లినా వెళ్లకపోయినా, "దీన్ని చాలులో పెట్టెయ్," అంటాడు. నేను పెట్టాలి. ఇవాళ ఎర్రలాగు వెళ్లింది, రెండు ఫుట్‌బాల్ ఆటలు వెళ్లాయి.

"ఒక చేతివిలో పెడతాను, అక్కడ ఆడుకోవచ్చు కదరా," అన్నాను.

"ఆడుకోవచ్చు. కానీ కుంటుతూ ఆడాలి. దీన్ని బాగా ఆడాను, అక్కడితో ఆపుతా. నీ చేత్తో నువ్వు పెట్టు, నాకు చూడాలని ఉంది."

నవంబర్ 1, గురువారం

పోయినవాళ్లకి దీపాలు పెట్టే రోజు. హుబెర్ట్ రాలేదు, రాలేడు. నేనొక్కదాన్నే వెళ్లి అమ్మ సమాధి మీద ఆకులు తీసి దీపాలు పెట్టాను. జనం, జనం. పక్క సమాధి దగ్గర ఒకావిడ, "మీ తమ్ముడెలా ఉన్నాడమ్మా?" అంది. "బాగున్నాడండీ, ఆడుకుంటున్నాడు," అన్నాను. అబద్ధమేం కాదు.

అమ్మ పక్కన ఒకరికి చోటుంది. అది నాకేనని నేను ఎప్పుడో నిశ్చయించుకున్నాను. పెద్దదాన్ని.

నవంబర్ 9, శుక్రవారం

డాక్టర్ విల్చెక్ ఫోన్ చేసింది. వచ్చేవారం ఇద్దరు వస్తామంది. కర్టెన్లు ఉతకాలి, ఇల్లంతా మాస్క్ పెట్టెలూ మందులూ, ఇలాంటి ఇంట్లోకి ఇద్దరు డాక్టర్లని ఎలా పిలుస్తాను? డిసెంబర్‌లో చూద్దామండీ అన్నాను. ఆలస్యం చెయ్యకండి అంది. ఆలస్యమేం లేదు, వాడి మాట ఇంకా అర్థమవుతూనే ఉంది, కొంచెం ముద్దగా ఉన్నా.

కర్టెన్లు ఉతికాను. నిజంగానే మురికిగా ఉన్నాయి.

నవంబర్ 17, శనివారం

హుబెర్ట్ నిద్రలో ఉండగా చాలు అర తెరిచి చూశాను. సగం ఆటలు అందులోనే ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఎవాల్ద్ ఇచ్చిన చావులేని నకళ్లున్నాయి, ఒక్క బటన్‌తో నడుస్తాయి. వాడికి గుర్తులేక పెట్టించి ఉంటాడు. ఏడు తీసి ఒక బటన్‌వి లోకి మార్చాను.

నవంబర్ 20, మంగళవారం

ఇంకో ఐదు.

నవంబర్ 25, ఆదివారం

పట్టుకున్నాడు.

వాడి కోసం చేతి కింద పెట్టే పెద్ద బటన్ ఒకటి తెచ్చాం, సాసరంత ఉంటుంది. దానితో అరలు తిప్పుతుంటే ఎర్రలాగు కనిపించింది. మాస్క్ తీయమని సైగ చేశాడు. మాట ముద్దముద్దగా వస్తుంది, కానీ నాకు ప్రతి ముక్కా తెలుస్తుంది, నాకు తెలుస్తుందని వాడికీ తెలుసు.

"నువ్వే కదూ తీసింది?"

"ఒక బటన్‌తో ఆడొచ్చురా. ఎందుకు వదులుకోవాలి?"

"నేను చాలన్నాక చాలు. అర్థంకాదా నీకు? వదులుకోవడం కాదది. నా ఇష్టం. నా దగ్గర మిగిలింది అదొక్కటే, అది కూడా నువ్వే సర్దుతావా?"

"నీకేం, నువ్వు హాయిగా చాలంటావు! నేనేం చెయ్యాలి? రేపు ఈ ఇంట్లో నేను ఎవరితో పోట్లాడాలి? గోడతోనా?"

ఎంత గట్టిగా అరిచానంటే పైవాళ్లు నేల మీద కొట్టారు. నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు, కొట్లో నా వెనక నన్ను తుప్పుమేకు అంటారని తెలుసు. వాడే ఉన్నాడు. ఇది మనసులో అనుకోవడం వేరు, వాడి మొహం మీద అనెయ్యడం వేరు.

వాడు చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "డాక్టర్ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు.

"డిసెంబర్‌లో."

"పిలువక్కా. నా నోరు పోకముందు."

పన్నెండు ఆటలూ వాడు చూస్తుండగా తిరిగి చాలులో పెట్టాను.

డిసెంబర్ 4, మంగళవారం

గని కార్మికుల పండుగ. పొద్దున్నే బ్యాండువాళ్లు వీధిలోకొచ్చారు. కిటికీ తెరిచాను, చలి కొట్టింది, వాడి మీద రెండు దుప్పట్లు కప్పాను. బాకాలు కిటికీ కిందకొచ్చేసరికి నవ్వడానికి ప్రయత్నించాడు, ఏదో అన్నాడు. మొదటిసారి నాకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. మళ్లీ అర్థం కాలేదు.

డిసెంబర్ 10, సోమవారం

ఔరేలియాగారు వారానికి మూడుసార్లు వస్తున్నారు. నర్సు, భారీ మనిషి, వస్తూనే, "ఏం నాయనా, పెళ్లికొడుకులా పడుకున్నావ్!" అంటారు. ఆవిడే పద్ధతి పెట్టారు. కళ్లు ఒకసారి మూస్తే అవును. రెండుసార్లు మూస్తే కాదు. అక్షరాల పలక కూడా చేశారు, వేలుపెట్టి చూపిస్తూ పోతే కావలసిన అక్షరం దగ్గర రెప్పవేస్తాడు. నాకు అది చేతకాదు, ఓపిక చాలదు. అవును, కాదు చాలు మాకు.

డిసెంబర్ 11, మంగళవారం

డాక్టర్ విల్చెక్ మళ్లీ ఫోన్ చేసింది. హుబెర్ట్‌కి జలుబుగా ఉందన్నాను. కొంచెం ఉంది. పండుగలయ్యాక రమ్మన్నాను. "బ్రిగిదాగారూ, ఇది మీ కోసం కాదు," అంది.

"తెలుసండీ," అన్నాను.

డిసెంబర్ 24, సోమవారం

అన్నీ చూసేవి లోకి వచ్చేశాయి. ట్యాంకులు, బాతులు, అత్తగారి మెట్లు, మిగిలినవన్నీ. పైనున్న మూడు అరలూ తీసేశాను, ఖాళీ అరలుంటే చూడ్డానికి బాగోదు.

క్రిస్మస్ ముందు రాత్రి కదా, చేప వండాను. గసగసాల పాయసం చెంచాతో పెదాలకి రాశాను. తర్వాత నేను అత్తగారి మెట్లు ఆడాను, వాడు చూశాడు. ఘోరంగా ఆడాను. మూడోమెట్టు దగ్గర పడిపోయినప్పుడల్లా వాడి కళ్లు నవ్వాయి. ఇలా కూడా బతకొచ్చు. ఇలా కూడా ఎంతకాలమైనా ఉండొచ్చు, నిజం.

జనవరి 13, ఆదివారం

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

భోజనాల వేళ. ముందు పెదాలు నీలంగా మారాయి. మాస్క్ సర్దాను, గాలి పెంచాను, తలగడ ఎత్తాను. ఛాతీ కదలట్లేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. వెంటనే వచ్చారు, ఇద్దరు, బూట్లకి మంచు. గడ్డమాయన వాడిమీదకి వంగి నన్నడిగాడు.

"గొట్టం పెట్టాలి. ముందే ఏమన్నా చెప్పారా ఈయన? ఫైల్లో రాసుందా?"

"ఫైల్లో ఏం లేదు," అన్నాను. లేదు కదా.

"తెలివిలో ఉన్నట్టున్నారు. జవాబు చెప్పగలరా?"

"కళ్లతో చెప్తాడు."

"అడగండి, త్వరగా."

మొహం దగ్గరకి వంగాను. "హుబెర్ట్, గొట్టం పెట్టమంటావా?" నన్నే చూస్తున్నాడు. కళ్లు మూశాడు. నేను వెంటనే వెనక్కి తిరిగాను. "ఒకసారి మూశాడు. అవునంటున్నాడు," అన్నాను.

జనవరి 14, సోమవారం

ఒకసారి మూశాడు. నేను చూశాను.

జనవరి 17, గురువారం

ఊపిరాడని మనిషికి కళ్లు వాటంతటవే కొట్టుకుంటాయి. అందులో మొదటిదే లెక్క. తర్వాతది ఏమైనా ఉంటే అది జవాబు కాదు, ఒంటి బాధ.

జనవరి 18, శుక్రవారం

ఒకసారి.

జనవరి 24, గురువారం

గొంతులో రంధ్రం చేశారు. బాగా జరిగిందట. డాక్టర్ విల్చెక్ పై అంతస్తు నుంచి చూడ్డానికొచ్చింది. మంచం పక్కన నిలబడింది, గోళ్లు కొరకలేదు. "ఆయన మనసు మార్చుకున్నారా?" అని అడిగింది. అవునన్నాను. చావు కళ్లముందుకొస్తే ఎవరైనా మార్చుకుంటారు కదండీ అన్నాను. ఆవిడ వాడి వైపు చూసింది. మందు మత్తులో ఉన్నాడు.

ఫిబ్రవరి 8, శుక్రవారం

ఇంటికొచ్చాం. మిషన్ ఒక చిన్న బల్లంత ఉంది, ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి. మంచానికీ టీవీకీ మధ్య దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అవస్థపడ్డాను. బుగ్గలకి రంగొచ్చింది వాడికి. బాగున్నాడు.

"ట్యాంకులు ఆడనా?" అని అడిగాను. ఏమీ అనలేదు. "బాతులు?" ఏమీ అనలేదు. ఒకసారీ లేదు, రెండుసార్లూ లేదు. తెరిచిన కళ్లు తెరిచినట్టే కప్పు వైపు ఉన్నాయి.

ప్రయాణం బడలిక.

ఫిబ్రవరి 12, మంగళవారం

ఔరేలియాగారు "నొప్పిగా ఉందా?" అంటే రెండుసార్లు మూస్తాడు. "పక్కకి తిప్పనా?" అంటే ఒకసారి. నేనడిగితే ఏమీ లేదు. ఆడి చూపించాను, ఘోరంగానే ఆడాను. నేను టీవీ ముందుకొస్తే కళ్లు గోడవైపు తిప్పుకుంటాడు. నేను తప్పుకుంటే తిరిగి కప్పు వైపు.

ఫిబ్రవరి 15, శుక్రవారం

అలవాటవుతాడు.

ఫిబ్రవరి 19, మంగళవారం

ఇవాళ ఔరేలియాగారు గొట్టం శుభ్రంచేసి, వాడి గడ్డం గీసి, అక్షరాల పలక తీసుకుని మంచం మీద కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర దుప్పటి మడతపెడుతున్నాను.

"వారం నుంచీ చూస్తున్నా, కడుపులో ఏదో పెట్టుకున్నావు నాయనా. చెప్పు, నాకు తొందరేం లేదు. ఇవాళ నా రోగుల్లో నువ్వే ఆఖరివాడివి."

వరసలు చూపిస్తూ పోయారు. వాడు రెప్పవేసినప్పుడల్లా అక్షరం పైకి చదువుతున్నారు. నేను వంటగదిలోకి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు, దుప్పటి మడతపెడుతూనే ఉన్నాను. ఒక్కో అక్షరానికి ఎంతసేపు పట్టిందో. చివరికి అంతా కలిపి చదివారు.

"నేను రెండుసార్లు మూశాను."

ఔరేలియాగారు నా వైపు తిరిగారు. "ఏమిటమ్మా రెండుసార్లు? దేని గురించి?"

"ఏదో ఆట గురించిలెండి," అన్నాను.

ఆవిడ వాడి మొహం చూశారు, నా మొహం చూశారు. పలక గోడకి ఆనించి పెట్టి, వాడి చెయ్యి కాసేపు పట్టుకుని, కోటు వేసుకుని వెళ్లిపోయారు.

దుప్పటి నాలుగుసార్లు విప్పి మడిచాను. తర్వాత కుర్చీ లాక్కుని, వాడికి తల తిప్పుకోవడానికి వీల్లేని చోట, సరిగ్గా కళ్లకెదురుగా కూర్చున్నాను.

"రెండుసార్లే మూశావురా," అన్నాను. "రెండోది కూడా చూశాను. చూసే తిరిగాను."

హుబెర్ట్ నన్ను చూశాడు. ఇంటికొచ్చాక నా మాటకి మొదటిసారి జవాబు చెప్పాడు. కళ్లు ఒకసారి మూశాడు. రెండోది కూడా వస్తుందేమోనని ఎదురుచూస్తూ చాలాసేపు కూర్చున్నాను, రాలేదు.